థాయ్‌లాండ్‌ను పండుగల వెంట, మగ్గాల వెంట చూసి రావడం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

హైదరాబాదు నుంచి థాయ్‌లాండ్ వెళ్ళే తెలుగువారిలో చాలామంది చేతిలో ఐదు రోజుల ప్యాకేజీ ఉంటుంది. బ్యాంకాక్‌లో ఒక బంగారు బుద్ధుడు, పట్టాయాలో పడవ షికారు, ఫుకెట్‌లో ఒక దీవి, చివరి రోజున బట్టల బజారు చూస్తే ఆ దేశం చూసినట్లే లెక్క. మొదటిసారి నేనూ అలాగే తిరిగి వచ్చాను. రెండోసారి వెళ్ళినప్పుడు, ఈశాన్య ప్రాంతంలోని ఒక నేత పల్లెలో, ఇంటి కింది నీడలో కూర్చుని పట్టు నూలుకు ముడులు వేస్తున్న ఒక పెద్దావిడ దగ్గర గంటన్నర గడిపాను. ఆమె చేతిలోని ముడి పోచంపల్లి ఇళ్ళలో నేను చూసిన ముడే. మొదటి ప్రయాణంలో ఏం వదులుకున్నానో నాకు తెలిసింది అప్పుడే.

పది పన్నెండు రోజుల వ్యవధి ఉండి, ఆ రెండో ప్రయాణాన్ని మొదటిసారే చేయాలనుకునేవారి కోసం ఈ మార్గదర్శి రాస్తున్నాను. చూడవలసిన స్థలాల జాబితా పక్కన పెట్టి, ఒక పండుగను, ఒక ప్రాంతాన్ని, ఒక చేతిపనిని ఎంచుకుని వాటి దగ్గర నిలకడగా ఉండమన్నదే నా సలహా. మన పంచాంగం తెలిసినవారికి, నాలుగు సంస్కృత పదాలు నోట నానినవారికి, పడుగు పేకలంటే (మగ్గం మీది నిలువు, అడ్డం పోగులంటే) ఏమిటో ఎరిగినవారికి ఆ దేశం మరింత త్వరగా పరిచయమవుతుంది.

మొదటి అడుగు: విమానం టికెట్టు కంటే ముందు పంచాంగం

థాయ్ పండుగల్లో కొన్ని సూర్యమానం ప్రకారం, ఎక్కువ భాగం చాంద్రమానం ప్రకారం వస్తాయి. కొత్త సంవత్సరపు పండుగ సోంగ్‌క్రాన్ ఏటా ఏప్రిల్ 13, 14, 15 తేదీల్లోనే జరుగుతుంది. ఆ పేరు మన ‘సంక్రాంతి’ నుంచి వచ్చిందే. మనం మకర సంక్రాంతిని పెద్ద పండుగగా చేసుకుంటే వారు మేష సంక్రాంతిని చేసుకుంటారు. వారి నెలల పేర్లన్నీ రాశుల పేర్లే కావడం తెలుగువారికి ఎంతో వీలు. ఏప్రిల్ ‘మేసాయోన్’, జూన్ ‘మిథునాయోన్’, ఆగస్టు ‘సింగ్‌హాఖోమ్’, అక్టోబరు ‘తులాఖోమ్’, జనవరి ‘మకరాఖోమ్’. ముప్పై రోజుల నెలలకు చివర ‘యోన్’, ముప్పై ఒక్క రోజుల నెలలకు ‘ఖోమ్’ అని వస్తుంది. పండుగ ప్రకటనల్లో సంవత్సరం బౌద్ధ శకంలో ఉంటుంది కనుక అందులో నుంచి 543 తీసివేయాలి. 2569 అని కనిపిస్తే అది 2026.

చాంద్రమాన పండుగలు చాలావరకు పున్నములు. మాఘ పున్నమి ‘మాఖా బూచా’, వైశాఖ పున్నమి ‘విసాఖా బూచా’, ఆషాఢ పున్నమి ‘ఆసాన్హా బూచా’ అవుతాయి. ‘బూచా’ అంటే పూజ. వారి పన్నెండో నెల పున్నమినాడు నీటిలో దీపాలు వదిలే పండుగ లోయ్ క్రథోంగ్ సాధారణంగా మన కార్తీక పున్నమికే, లేదా ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. అయితే ఇక్కడొక జాగ్రత్త అవసరం. వారి అధిక మాసం, మన అధిక మాసం అన్నిసార్లూ కలవవు. 2023లో మన వైశాఖ పున్నమి మే 5న వస్తే థాయ్‌లాండ్‌లో విసాఖా బూచా జూన్ 3న జరిగింది. కాబట్టి పంచాంగంతో ఒక అంచనాకు వచ్చి, ఆ దేశపు పర్యాటక శాఖ ప్రకటించిన తేదీ చూసిన తర్వాతే టికెట్టు కొనండి.

ఋతువును కూడా లెక్కలోకి తీసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి తొలి రోజుల దాకా హాయిగా తిరగవచ్చు. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా ఉత్తరాది కొండల్లో పొలాల, అడవుల మంటల పొగ కమ్ముకుంటుంది. ఉబ్బసం ఉన్నవారు ఆ నెలల్లో చియాంగ్ మాయ్ వెళ్ళకపోవడమే మేలు. మే నెలలో యసోథోన్‌లో వానల కోసం వెదురు రాకెట్లను ఆకాశంలోకి వదిలే పండుగ, ఆషాఢ పున్నమికి ఉబోన్ రాచథానీలో మైనపు శిల్పాల ఊరేగింపు వానాకాలపు ప్రయాణానికి తగిన కారణాలు. లోయ్ రాష్ట్రంలోని దాన్ సాయ్ ఊళ్ళో జరిగే ఫీ తా ఖోన్ ముసుగుల పండుగ అద్భుతమైనదే. అన్నం వండే వెదురు బుట్టను తిరగేసి, కొబ్బరి మట్ట మొదలుతో ముఖం చేసి రంగులు వేస్తారు. కానీ దాని తేదీని ఏటా ఊరి పూనకపు పెద్దలు నిర్ణయిస్తారు. నెలల ముందే టికెట్టు కొనవలసిన మనవంటివారికి అది కాస్త కష్టమైన పండుగ.

మొదటిసారి వెళ్ళేవారికి నేను లోయ్ క్రథోంగ్ చెబుతాను. వాతావరణం అనుకూలం, జనం ప్రశాంతంగా ఉంటారు, ఆ పండుగ అర్థం తెలుగువారికి ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

రెండో అడుగు: ఒక్క ప్రాంతాన్ని ఎంచుకోవడం

మధ్య మైదానం, ఉత్తరాన లాన్నా, ఈశాన్యాన ఈసాన్, దక్షిణాన ద్వీపకల్పం అని ఆ దేశం నాలుగు ముఖాలుగా ఉంటుంది. ఈసాన్ అన్న మాట మన ‘ఈశాన్యం’ నుంచి వెళ్ళినదే. ఈ నాలుగింటి భోజనం, యాస, నేత, గుడి కట్టడం అన్నీ వేరు. నాలుగూ ఒకే ప్రయాణంలో చూడాలనుకుంటే బస్సు కిటికీలే చూస్తారు.

తొలి ప్రయాణానికి నేను సూచించే దారి ఇది: బ్యాంకాక్‌లో నాలుగు రోజులు, అందులో ఒక రోజు ఆయుత్తయాకు, సుఖోథాయ్‌లో మూడు రోజులు, చియాంగ్ మాయ్‌లో నాలుగైదు రోజులు. సుఖోథాయ్‌కు రైలు లేదు. ఉత్తరాది రైలులో ఫిట్సనులోక్‌లో దిగి అక్కడి నుంచి బస్సు పట్టాలి. ఆ ఊరి పేరు ‘విష్ణులోక’మని గుర్తిస్తే స్టేషను పేరు మరచిపోరు. నేత మీదే మనసున్నవారు మాత్రం ఉత్తరాది వదిలేసి, బ్యాంకాక్ తర్వాత నేరుగా ఖోన్ కేన్, సురిన్ వైపు వెళ్ళండి. అక్కడ విదేశీయులు తక్కువ, ఇంగ్లీషు ఇంకా తక్కువ, ఆదరణ మాత్రం ఎక్కువ.

మూడో అడుగు: కాగితాలు, మర్యాదలు, భోజనం

వీసా నిబంధనలు తరచుగా మారుతుంటాయి కనుక బయలుదేరే నెలలో రాయబార కార్యాలయపు ప్రకటన చూడండి. 2025 మే 1 నుంచి విదేశీయులందరూ డిజిటల్ ప్రవేశ పత్రాన్ని ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి రుసుము లేదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా సరే ప్రభుత్వానిది కాదు.

మర్యాదల్లో సగం మనకు పుట్టుకతో వచ్చినవే. గుడిలోకి చెప్పులు విడిచి వెళ్ళాలి, గడప తొక్కకూడదు, పెద్దల వైపు, విగ్రహం వైపు కాళ్ళు చాపకూడదు. మనం కొత్తగా నేర్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పిల్లలనైనా సరే తల మీద చేయి వేసి నిమరకూడదు. స్త్రీలు భిక్షువులను తాకకూడదు, వస్తువును నేరుగా వారి చేతికి అందించకూడదు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి. రాజు గురించి, రాజకుటుంబం గురించి నోరు జారితే చట్టం చాలా కఠినంగా ఉంటుంది. ఆ సంభాషణలో అసలు తల దూర్చవద్దు. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు బహిరంగ స్థలాల్లో జాతీయగీతం వినిపిస్తే నడిచేవారు ఆగి నిలబడతారు, మనమూ నిలబడాలి. చేతులు జోడించే నమస్కారాన్ని ‘వాయ్’ అంటారు. పలకరింపు మాట ‘సవాద్దీ’ మన ‘స్వస్తి’ నుంచి తయారైనది; పురుషులు చివర ‘ఖ్రప్’ అని, స్త్రీలు ‘ఖా’ అని చేర్చాలి.

శాకాహారులు రెండు మాటలు నేర్చుకుంటే చాలావరకు బయటపడతారు. ఒకటి ‘మంగ్‌సవిరత్’; ‘మాంసవిరతి’ అన్న మాటే అది. రెండోది ‘జే’. పసుపు జెండా మీద ఎర్ర అక్షరంతో రాసి ఉండే ఆ దుకాణాల్లో మాంసం, చేపల రసం మాత్రమే కాక ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మామూలు హోటలులో కూరగాయల వంటకం అడిగినా అందులో ‘నామ్ ప్లా’ అనే చేపల రసం పడుతుందని గుర్తుంచుకోండి. అది వారికి ఉప్పు వంటిది కనుక వేయవద్దని విడిగా చెప్పాలి.

నాలుగో అడుగు: బ్యాంకాక్‌ను రామాయణంతో మొదలుపెట్టడం

రాజప్రాసాదం ప్రాంగణంలో ఉన్న మరకత బుద్ధుని ఆలయానికి అందరూ వెళ్తారు, విగ్రహానికి దణ్ణం పెట్టి, బంగారు స్తూపం ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. ఆ ఆలయం చుట్టూ ఉన్న మండపపు గోడల మీద 178 చిత్రాల్లో రామకథ మొత్తం ఉంది. ఉత్తరం వైపు మొదలుపెట్టి ప్రదక్షిణంగా నడిస్తే కథ వరసగా సాగుతుంది. దీనికి కనీసం గంట కేటాయించండి.

ఇది వారి ‘రామకియన్’, అంటే రామకీర్తి. చక్రీ వంశపు మొదటి రాజు, 1782లో బ్యాంకాక్‌ను రాజధానిగా చేసిన మొదటి రాముడు, 1797లో దీన్ని కావ్యంగా కూర్పించాడు. మనకు తెలిసిన కథే అనుకుని చూస్తే అడుగడుగునా ఆశ్చర్యం కలుగుతుంది. ఇందులో సీత రావణుని కూతురు. రావణుడి పేరు ‘తోత్సకన్’, అంటే దశకంఠుడు. హనుమంతుడు బ్రహ్మచారి కాడు. వారధి కట్టే వేళ సముద్రంలో రాళ్ళు తొలగిస్తున్న సువర్ణమత్స్యను పట్టబోయి ఆమెనే ప్రేమిస్తాడు. మన ఆంజనేయుణ్ణి అలా చూడటం కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. మన పల్లెల్లోనూ వాల్మీకంలో లేని రామకథలు ఎన్నో పాడుకుంటారని తలుచుకుంటే, ఒక జాతి ఈ కథను ఎంత సొంతం చేసుకుంటే అంత స్వేచ్ఛ తీసుకుందో అర్థమవుతుంది.

గోడ మీద చూసిన కథనే రంగస్థలం మీద చూడాలంటే ‘ఖోన్’ ముసుగు నాట్యానికి వెళ్ళండి. యునెస్కో 2018లో దీన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. రాజప్రాసాదం టికెట్టుతోనే దగ్గరలోని పాత నాటకశాలలో చిన్న ఖోన్ ప్రదర్శన, ప్రాంగణంలోని సిరికిత్ రాణి వస్త్ర ప్రదర్శనశాల చూసే వీలు కల్పిస్తున్నారు; కౌంటరులో వేళలు అడిగి తెలుసుకోండి. దారిలో ఎవరైనా దగ్గరికి వచ్చి ‘ఈరోజు గుడి మూసేశారు, మరో చోటికి తీసుకెళ్తాను’ అంటే నమ్మవద్దు. ఆ దారి రత్నాల దుకాణానికే వెళ్తుంది.

రెండో రోజున ఎర్రని ఎత్తైన ఊయల స్తంభం దగ్గరికి వెళ్ళండి. దాని పక్కనే 1784లో కట్టిన దేవస్థానం ఉంది. రాజదర్బారు బ్రాహ్మణులు ఇప్పటికీ అక్కడ పూజలు చేస్తారు. జనవరి ప్రాంతంలో జరిగే శివకేశవుల ఉత్సవంలో వారు చదివే మంత్రాలు తమిళ తిరువెంబావై పాశురాల నుంచి తరతరాలుగా నోటిమాటగా వచ్చినవి. ఆ పండుగ పేరులోనే ఆ మాట ‘త్రియంపవాయ్’గా మిగిలి ఉంది. ప్రమాదాల కారణంగా, ఖర్చుల కారణంగా 1930లలో ఆ ఉత్సవంలో ఊయల ఊగడం ఆపేశారు, స్తంభాలు మాత్రం నిలిచాయి.

అక్కడి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో బాన్ బాత్ అనే ఇరుకు వీధి ఉంది. ‘బాత్’ అంటే భిక్షాపాత్ర. ఇనుప రేకును ఎనిమిది ముక్కలుగా కత్తిరించి, వంచి, అతికించి, కొలిమిలో కాల్చి, సుత్తితో సమం చేసి భిక్షువుల పాత్రలు చేసే కుటుంబాలు అక్కడ ఇంకా కొన్ని మిగిలాయి. ఎనిమిది ముక్కలు బుద్ధుడు చెప్పిన అష్టాంగమార్గానికి గుర్తని వారు చెబుతారు. యంత్రంతో చేసిన పాత్రలు చవకగా దొరుకుతున్నాయి కనుక ఆ వీధిలో సుత్తి చప్పుడు ఏటికేడు తగ్గుతోంది. తయారైన పాత్రను వేలి కొసతో మీటి చూపిస్తారు, గంటలాగా నిలిచి మోగుతుంది. ఒకటి కొనగలిగితే కొనండి. నాకు బ్యాంకాక్‌లో ఎక్కడా అంత న్యాయమైన కొనుగోలు కనిపించలేదు.

ఐదో అడుగు: పాత రాజధానులను తెలుగు తీరంతో కలిపి చూడటం

ఆయుత్తయా అంటే అయోధ్య. 14వ శతాబ్దం నడుమ వెలసి, నాలుగు శతాబ్దాలు వెలిగి, 1767లో బర్మా సేనల చేతిలో కాలిపోయిన నగరం అది. చెట్టు వేళ్ళ మధ్య చిక్కుకున్న బుద్ధుని శిరస్సు దగ్గర అందరూ ఆగుతారు. ఆ శిరస్సు కన్న ఎత్తుగా నిలబడి ఫొటో తీయించుకోవడం అపచారం కనుక కింద కూర్చోమని కావలివారు చెబుతారు. ఆ నగరంలో తెలుగువారు తలుచుకోవలసిన మరో సంగతి ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు రేవు మచిలీపట్నం నుంచి ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గుయి, తెనసెరిం రేవులు చేరేవి. అక్కడి నుంచి సరుకు నేల దారిన ఆయుత్తయాకు వెళ్ళేది. ఆ సరుకులో ముఖ్యమైనది అద్దకపు, కలంకారీ బట్ట. సియాం (థాయ్‌లాండ్ పాత పేరు) దర్బారు తనకు కావలసిన నమూనాలను గీయించి పంపితే కోరమాండల్ తీరపు అద్దకపు పనివారు వాటిని బట్ట మీద దించేవారు. ‘ఫా లాయ్ యాంగ్’ అనే ఆ బట్టలు ఇప్పుడు ప్రదర్శనశాలల్లో ఉన్నాయి. అంచు నుంచి జ్వాలల్లా పైకి లేచే థాయ్ దేవతామూర్తుల మధ్య మన అద్దకపు ఎరుపును పోల్చుకున్నప్పుడు కలిగే సంతోషం ఎంతో పెద్దది.

సుఖోథాయ్, అంటే ‘సుఖోదయ’, 13వ శతాబ్దపు రాజ్యం. ఆయుత్తయాతో పాటు 1991లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అద్దె సైకిలు తీసుకుని సూర్యోదయానికే లోపలికి వెళ్ళండి. నడుస్తున్న బుద్ధుని శిల్పం సుఖోథాయ్ శిల్పులు ప్రపంచానికి ఇచ్చిన కానుక. ఒక మడమ లేచి, ఒక చేయి తేలికగా వేలాడుతూ, కంచు తన బరువు మరచినట్లుంటుంది. వాట్ సీ చుమ్‌లో ఇరుకు చీలిక గుండా తొంగిచూసే సుమారు 15 మీటర్ల బుద్ధుని దగ్గర ఉదయపు వెలుగు వేళ కూర్చుంటే మరో చోటికి కదలబుద్ధి కాదు. మరునాడు ఉత్తరాన ఉన్న సీ సచ్చనాలాయ్ వెళ్ళి, పాత పింగాణీ బట్టీలను, హాత్ సియో ఊళ్ళోని ‘తీన్ చోక్’ అనే అంచు నేతను చూడండి.

దక్షిణాదికి వెళ్ళగలిగినవారికి నఖోన్ సీ థమ్మరాత్ మహాధాతు స్తూపం ఉంది. కళింగ దేశపు దంతపురం నుంచి ఒక రాకుమారుడు, రాకుమారి బుద్ధుని దంతధాతువును తెచ్చారని అక్కడి స్థలపురాణం చెబుతుంది. ఆ దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోని దంతపురమే అని భావించేవారున్నారు. మాఘ పున్నమికి వందల మంది పొడవైన ఒకే వస్త్రాన్ని తల మీదుగా మోసుకొచ్చి ఆ స్తూపానికి చుడతారు. ఆ ప్రాంతపు ‘నాంగ్ తలుంగ్’ తోలుబొమ్మలాట మన తోలుబొమ్మలాటకు దూరపు చుట్టంలా కనిపిస్తుంది.

ఆరో అడుగు: పండుగను చూడటం కాదు, చేయడం

లోయ్ క్రథోంగ్ నాటి పగలు ఏ గుడి ఆవరణలోనైనా, బజారులోనైనా స్త్రీలు అరటి బోదెను మూడు వేళ్ళ మందంలో చక్రాలుగా కోస్తుంటారు. ఒక చక్రం కొనుక్కుని వారి పక్కనే కూర్చోండి. అరటి ఆకును అరచేతి వెడల్పు పట్టీలుగా చీల్చి, రెండు మూలలను మధ్యకు మడిస్తే కొసదేరిన రేకు వస్తుంది. ఒక రేకు మీద మరొకటి సగం కప్పేలా పేర్చి, చక్రం అంచు చుట్టూ గుండుసూదులతో గుచ్చుతూ పోవాలి. నా మొదటి రేకులు ఈనె అడ్డం పడి చిరిగిపోయాయి. పక్కనున్న ఆమె ఆకును ముందు ఎండలో కాసేపు వాడనివ్వాలని సైగతో చెప్పింది. మధ్యలో బంతిపూలు, మూడు అగరువత్తులు, ఒక కొవ్వొత్తి పెడితే క్రథోంగ్ సిద్ధం. నీటి ఒడ్డున వెలిగించి, నుదుటికి ఎత్తుకుని, ‘ఫ్రా మే ఖోంగ్‌ఖా’ను, అంటే గంగమ్మ తల్లిని, నీటిని మలినం చేసినందుకు మన్నించమని వేడుకుని వదులుతారు. కార్తీకంలో అరటి దొప్పలో దీపం పెట్టి గోదావరిలోనో కృష్ణలోనో వదిలిన చేతులకు ఇది కొత్తగా ఉండదు. థర్మాకోలుతో చేసినవి కొనవద్దు. మన్నించమని అడిగే నీటిలోనే వాటిని వదలడం సబబు కాదు.

సుఖోథాయ్‌లో నాంగ్ నొప్పమాత్ అనే రాణి ఈ పండుగను మొదలుపెట్టిందని గైడ్లు చెబుతారు. ఆ కథ ఉన్న గ్రంథం చాలా తర్వాతి కాలపు బ్యాంకాక్ రచన అని చరిత్రకారులు తేల్చారు. కథగా విని ఆనందించండి. చియాంగ్ మాయ్‌లో అదే సమయంలో ‘యీ పెంగ్’ జరుగుతుంది. ఆకాశదీపాలను ఒకేసారి వదిలే టికెట్టు కార్యక్రమాలకు చాలా ఖర్చవుతుంది, ఊరి బయట జరుగుతాయి. నా దృష్టిలో వాటికంటే పాత ఊరి గుడుల్లో గోడల వెంట, మెట్ల వెంట వేలాది మట్టి ప్రమిదలు వెలిగించే సాయంత్రం ఎన్నో రెట్లు మిన్న. ఆ ప్రమిదను వారు ‘ఫాంగ్ ప్రథీప్’ అంటారు. ‘ప్రదీపం’ ఎక్కడుందో చెప్పనక్కరలేదు.

సోంగ్‌క్రాన్‌కు వెళ్ళేవారు వీధుల్లో నీళ్ళ తుపాకుల కోలాహలానికి ముందు, ఏప్రిల్ 13 ఉదయం గుడికి వెళ్ళాలి. మల్లెలు, సుగంధం కలిపిన నీటిని బుద్ధ విగ్రహం మీద పోస్తారు, తర్వాత పెద్దల అరచేతుల్లో పోసి దీవెనలు అడుగుతారు. గుడి ఆవరణలో ఇసుకతో చిన్న స్తూపాలు కట్టి రంగు కాగితపు జెండాలు గుచ్చుతారు. ఏడాది పొడుగునా కాళ్ళకు అంటుకుని బయటికి పోయిన గుడి మట్టిని తిరిగి ఇవ్వడమట అది. 2023లో యునెస్కో గుర్తించిన సోంగ్‌క్రాన్ ఇదంతా కలిసినదే. బస చేసిన ఇంటివారు పెద్దల నీళ్ళ వేడుకకు పిలిస్తే తప్పక వెళ్ళండి, చేతిలో ఒక పూలదండ ఉంటే చాలు.

ఏడో అడుగు: ఒక చేతిపని దగ్గర ఒక రోజంతా

చియాంగ్ మాయ్ చుట్టుపక్కల ఎంచుకోవడానికి చాలా ఉన్నాయి. బో సాంగ్‌లో మల్బరీ జాతి చెట్టు బెరడుతో చేసిన ‘సా’ కాగితాన్ని వెదురు పుల్లల మీద అతికించి గొడుగులు చేస్తారు. జనవరి మూడో వారాంతంలో అక్కడ గొడుగుల పండుగ జరుగుతుంది. వువాలాయ్ వీధిలో వెండి రేకు మీద నగిషీ కొడతారు. అక్కడి వెండి ఆలయం లోపలి గర్భగృహంలోకి స్త్రీలను అనుమతించరు, బయటి నుంచే చూడాలి. బాన్ థవాయ్ కొయ్య చెక్కడానికి ప్రసిద్ధి. అయితే తెలుగువారికి నేను మొదట చెప్పేది ‘మద్మీ’ పట్టు.

‘మత్’ అంటే కట్టడం, ‘మీ’ అంటే నూలు చిలప. ఖోన్ కేన్ దగ్గరి చొనబోత్, సురిన్ చుట్టుపక్కల పల్లెలు దీనికి పెట్టింది పేరు. మన ఇక్కత్‌లో, అంటే పోచంపల్లి వంటి ముడుల నేతలో, పడుగుకూ, పేకకూ, కొన్ని చీరల్లో రెండింటికీ ముడులు వేస్తాం. అక్కడ ఎక్కువగా పేక నూలుకే వేస్తారు. బట్ట వెడల్పు ఉన్న కొయ్య చట్రానికి పేక నూలును పాయలు పాయలుగా బిగిస్తారు. ఏ పాయలో ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ సన్నని ప్లాస్టిక్ నారతో గట్టిగా చుట్టి ముడి వేస్తారు. పూర్వం అరటి నార వాడేవారు. పోచంపల్లిలో ఇదే పనికి సైకిలు ట్యూబు రబ్బరు వాడటం చూసినవారికి ఆ చట్రం ముందు కూర్చోగానే పని అర్థమైపోతుంది. ఒక రంగులో ముంచి, ఆరబెట్టి, కొన్ని ముడులు విప్పి, కొత్తవి వేసి మరో రంగులో ముంచుతారు. ఎరుపుకు లక్క, నీలానికి నీలిమందు, పసుపుకు పనస చెక్క వాడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. చివరికి నూలును కండెలకు చుట్టి వరస తప్పకుండా దారానికి గుచ్చి పెడతారు. ఒక్క కండె తారుమారైతే పువ్వు విరిగిపోతుంది. నేసే ఆమె ప్రతి పోగు వేసిన తర్వాత అంచు దగ్గర ఒక వేలితో వెంట్రుకవాసి లాగి, బొమ్మ కలిసిందో లేదో చూసి, అప్పుడు అచ్చు (పేకను బిగించే మగ్గపు దువ్వెన) కొట్టడం నేను చూశాను. ఆ వేలి కదలిక చూడటానికైనా అంత దూరం వెళ్ళవచ్చు.

నవంబరు చివర నుంచి డిసెంబరు తొలి పది రోజుల దాకా ఖోన్ కేన్‌లో పట్టు పండుగ జరుగుతుంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల పల్లెల నేతలన్నీ ఒకచోట కనిపిస్తాయి. ‘ఫూక్ సియో’ అనే వేడుకలో స్నేహితులు కావాలనుకున్నవారు పరస్పరం మణికట్టుకు నూలు కట్టుకుంటారు. సురిన్ దగ్గరి థా సవాంగ్‌లో వెయ్యికి పైగా అల్లులున్న (బొమ్మ కోసం పడుగు పోగులను ఎత్తే అమరికలున్న) పెద్ద మగ్గాల మీద నలుగురైదుగురు కలిసి జరీ బట్ట నేస్తారు. ఒకరు నేల కింది గుంటలో నిలబడి అల్లు కర్రలు అందుకుంటారు, రోజుకు కొన్ని సెంటీమీటర్లే సాగుతుంది. కాలసిన్ రాష్ట్రపు ఫూథాయ్ స్త్రీలు వేలి కొసతో పోగులు ఎత్తి నేసే ‘ఫ్రేవా’ పట్టు మరో లోకం.

పల్లెకు వెళ్ళేటప్పుడు ముందుగా బస యజమాని చేత ఫోను చేయించండి. భోజనం వేళ తప్పించండి. ఫొటోకు అనుమతి అడగండి. ఏమీ కొనకుండా వచ్చినా ఎవరూ ఏమీ అనరు, కానీ అంతసేపు పని ఆపి చూపించిన ఇంట్లో చిన్న చేతిరుమాలైనా తీసుకోవడం మన ధర్మం.

ఎనిమిదో అడుగు: కొనడం, తెచ్చుకోవడం

మొదటి ప్రయాణంలో ఒక రాత్రి బజారులో ‘థాయ్ పట్టు’ అని చెప్పిన కండువాలు ఆరు కొన్నాను. ఇంటికి వచ్చి ఒక పోగు కాల్చి చూస్తే కరిగి నల్లని పూసలా గట్టిపడింది. అసలు పట్టు పోగు కాలితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అవుతుంది. దుకాణంలో ఆ పరీక్ష చేయలేం కనుక నెమలి గుర్తు చూడండి. ప్రభుత్వ పట్టు శాఖ ఇచ్చే ఆ ముద్రలో బంగారు రంగు నెమలి అన్నింటికంటే ఉత్తమమైనది; స్థానిక పురుగు పట్టు, చేతితో తీసిన నూలు, చేతి మగ్గం కలిస్తేనే ఇస్తారు. తర్వాతిది వెండి రంగు, ఆ తర్వాత నీలం, ఇతర నూలు కలిసిన బట్టకు ఆకుపచ్చ. మద్మీ బట్టలో బొమ్మ అంచులు కొద్దిగా చెదిరి, ఈకలా కనిపించాలి, రెండు వైపులా ఒకేలా ఉండాలి. గీత గీసినట్లు తేటగా ఉండి వెనుక వెలిసిపోయి కనిపిస్తే అది అచ్చు వేసిన బట్ట. బజారులో నవ్వుతూ కొంత బేరం ఆడవచ్చు. మగ్గం దగ్గర బేరం వద్దు. ఆ గజం నేయడానికి ఎన్ని రోజులు పట్టిందో కళ్ళారా చూశారు కదా.

బుద్ధ విగ్రహాలను, పాత వస్తువులను దేశం దాటించాలంటే లలితకళల శాఖ అనుమతి కావాలి. మెడలో వేసుకునే చిన్న తాయెత్తులకు సాధారణంగా అభ్యంతరం ఉండదు. విగ్రహం మీద నిజంగా భక్తి ఉన్నవారు పేరున్న దుకాణంలో కొని, అనుమతి పత్రం వారి చేతే తెప్పించుకోవాలి. పెద్ద దుకాణాల్లో కొన్నవాటికి పన్ను వాపసు పత్రం అడిగి తీసుకుని, విమానాశ్రయంలో సామాను అప్పగించకముందే కస్టమ్స్ ముద్ర వేయించండి.

పట్టును ప్లాస్టిక్ సంచిలో ఉంచకుండా ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెట్టండి, మూడు నెలలకోసారి మడత మార్చండి, మన పట్టుచీరలకు చేసినట్లే. ఇంటికి చేరిన రోజే ఒక కాగితం ముక్క మీద ఊరి పేరు, నేసిన ఇంటి గుర్తు, కొన్న తేదీ, రంగు దేనితో వేశారో రాసి ఆ మడతలో పెట్టండి.